ఫ్రిజ్ పక్కగోడ మీద చెయ్యి పెట్టి చూడండి

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, ఖమ్మంలో ఎండ 44 డిగ్రీలున్న రోజు, మా వీధి చివరింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. "నాయనా, ఫ్రిజ్ పక్కలు కాలిపోతున్నాయి. పేలుతుందేమోనని ప్లగ్గు పీకేశా. లోపల పాలు, ఇడ్లీ పిండి ఉన్నాయి. ఒక్కసారి వచ్చి చూడు" అంది. గొంతులో నిజంగానే భయం ఉంది.

వెళ్లి చూస్తే ఫ్రిజ్ వంటింటి మూలలో రెండు గోడలకు ఆనించి ఉంది. మూడో పక్కన బియ్యం డ్రమ్ము. పైన దుప్పటి కప్పి ఉంది, అది రెండు పక్కలా సగం దాకా వేలాడుతోంది. నేను దుప్పటి తీశాను, డ్రమ్ము జరిపాను, ఫ్రిజ్‌ను గోడ నుంచి జానెడు ముందుకు లాగి ప్లగ్గు పెట్టాను. సాయంత్రానికి ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డకట్టాయి. అందులో ఏ పార్టూ పాడవలేదు.

పెద్దమ్మ ఒక ప్రశ్న అడిగింది: "చల్లగా ఉండాల్సిన వస్తువు వేడెక్కడమేంటి?" 26 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంతకంటే మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. దీనికి జవాబు తెలిస్తే ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. ఎక్కడ పెట్టాలో, ఎలా వాడాలో, మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయింది" అంటే ఏమడగాలో కూడా అర్థమవుతుంది. ఆ జవాబును ఆమెకు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను. వీలైతే మీ ఫ్రిజ్ దగ్గర నిలబడి చదవండి.

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలున్న వేడిని తీసి బయట పారబోస్తుంది. వేడి పోయాక మిగిలిందే చల్లదనం. పాలగిన్నెలో ఉన్న వేడి, కూరగాయల్లో ఉన్న వేడి, తలుపు తీసినప్పుడు లోపలికి దూరిన గాలిలోని వేడి అంతా మోసుకొచ్చి వంటింట్లో వదులుతుంది. కంప్రెసర్ తిరగడానికి వాడిన కరెంటు కూడా చివరికి వేడిగా మారి అదే గదిలో కలుస్తుంది. అందుకే ఎండాకాలం పిల్లలు ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ముందు కూర్చుంటే వాళ్ల మొహానికి కాసేపు చల్లగా తగులుతుంది గానీ, గది మాత్రం ఇంకా వేడెక్కుతుంది.

మరి వేడిని మోసేది ఏది? ఫ్రిజ్ గొట్టాల్లో తిరిగే గ్యాస్. అది ఎలా మోస్తుందో చెప్పడానికి మూడు విషయాలు గుర్తుచేస్తాను. మూడూ మీరు చూసినవే.

ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు దూదితో స్పిరిట్ రాస్తుంది. అక్కడ చల్లగా అనిపిస్తుంది. ఆ స్పిరిట్ ఫ్రిజ్‌లోంచి తీసింది కాదు, గదిలో ఉన్నదే. అది ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని మన చర్మం నుంచి లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆరుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. ముసురు పట్టిన రోజు చెమ్మ ఆరదు, కాబట్టి కుండనీళ్లూ చల్లబడవు.

మూడోది పెళ్లి వంటల దగ్గర కనిపిస్తుంది. పెద్ద పొయ్యి మీద గంటల తరబడి మంట పెడితే గ్యాస్ సిలిండర్ కింది సగం చెమటపట్టి, ఒక్కోసారి తెల్లగా మంచు పేరుకుంటుంది. మంట తగ్గిపోతోందని వంటవాళ్లు సిలిండర్‌ను వేడినీళ్ల టబ్బులో నిలబెడతారు. లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ గబగబా ఆవిరవుతూ సిలిండర్ ఇనుము నుంచే వేడి పీల్చుకుంటోందన్నమాట. వంటగ్యాస్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ఇప్పుడు మన ఇళ్లలోని చాలా ఫ్రిజ్‌లలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటే దాని చుట్టమే. ఆ సిలిండర్ మీద పేరుకున్న మంచూ, మీ ఫ్రీజర్ గోడ మీది మంచూ ఒకే కారణంతో వచ్చాయి.

ద్రవం ఆవిరయ్యేటప్పుడు ఎంత వేడి తాగుతుందో పొయ్యి మీద చూడవచ్చు. గిన్నెడు నీళ్లు మరుగు పట్టడానికి 10 నిమిషాలు పట్టిందనుకోండి. అదే మంట మీద ఆ నీళ్లన్నీ ఇగిరిపోవడానికి గంటకు పైనే పడుతుంది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కెలోరీలు చాలు. దాన్ని ఆవిరిగా మార్చడానికి మాత్రం 540 కావాలి. ఫ్రిజ్ బతికేది ఈ తేడా మీదే. కొంచెం గ్యాస్‌తోనే బోలెడు వేడిని మోయవచ్చు.

ఇంకొక్క మెలిక ఉంది. స్పిరిట్ ఆవిరై గాలిలో కలిసిపోతుంది, మళ్లీ దొరకదు. ఫ్రిజ్‌లో అదే గ్యాస్ పదీ పదిహేనేళ్లు తిరగాలి. అంటే ఆవిరైనదాన్ని మళ్లీ ద్రవం చేయాలి. ఆ పని పీడనంతో సాధిస్తారు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 100 దగ్గర మరగవు, 120 డిగ్రీల దాకా పోతాయి, ఎందుకంటే లోపల ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి పెరిగితే మరిగే వేడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఐసోబ్యూటేన్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు కింద 12 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడిని సగానికి దగ్గరగా దించితే సున్నాకు కింద 25 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతుంది. అదే మామూలు గాలి ఒత్తిడికి ఏడెనిమిది రెట్లకు పెంచితే 55 డిగ్రీల దగ్గర కూడా ద్రవమైపోతుంది. ఒకే గ్యాస్‌ను ఒకచోట వదులు చేసి మరిగించడం, ఇంకోచోట నొక్కి ద్రవం చేయడం. ఫ్రిజ్‌లో జరిగేది ఇదే.

ఇక చెయ్యి పెట్టి చూద్దాం.

ఫ్రిజ్ వెనక, అడుగున నల్లటి కుండలాంటిది ఉంటుంది. అదే కంప్రెసర్. పని చేస్తున్నప్పుడు దాన్ని ముట్టుకోకండి, చెయ్యి చురుక్కుమంటుంది. ఫ్రీజర్ నుంచి వచ్చిన ఆవిరిని పీల్చి గట్టిగా నొక్కి ముందుకు తోస్తుంది. సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు వేడెక్కినట్టే, నొక్కుడుకి ఆవిరి బాగా వేడెక్కుతుంది. ఆ వేడి ఆవిరి ఒక పొడవాటి గొట్టంలోకి పోతుంది. దాన్ని కండెన్సర్ అంటారు. పాత ఫ్రిజ్‌లలో ఇది వెనకాల నల్లటి జాలీలా కనిపించేది. ఇప్పుడు చాలావాటిలో పక్క రేకుల లోపల దాచేస్తున్నారు. మీ ఫ్రిజ్ పక్కగోడ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలిందా? అది మీ పాలలోంచి, పెరుగులోంచి తీసిన వేడి. పెద్దమ్మను భయపెట్టింది అదే. ఎండాకాలంలో అది కాస్త ఎక్కువగానే కాలుతుంది. తలుపు ఆనే అంచు కూడా చాలా ఫ్రిజ్‌లలో వెచ్చగా ఉంటుంది. అక్కడ నీటి చెమ్మ పట్టకుండా అదే గొట్టాన్ని చుట్టూ తిప్పుతారు.

వేడి బయటికి పోయాక గ్యాస్ ద్రవమవుతుంది. అది ఫిల్టర్ డ్రయ్యర్ అనే చిన్న రాగి బుడ్డిలోంచి వెళ్తుంది. అందులోని గుళికలు తేమను పీల్చేస్తాయి. తర్వాత క్యాపిలరీ వస్తుంది. లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా లేని రాగి గొట్టం, పొడవు మాత్రం రెండు మూడు మీటర్లు. అంత సన్నని దారిలో ఈడ్చుకుంటూ రావడంతో ద్రవం ఒత్తిడి పడిపోతుంది. అవతల వెడల్పాటి కాయిల్‌లోకి పడగానే భగ్గున మరుగుతుంది, సున్నాకు కింద పాతిక డిగ్రీల దగ్గర. మరగడానికి కావలసిన వేడిని ఫ్రీజర్ నుంచి లాక్కుంటుంది. ఆవిరై మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఇంతే చక్రం.

కంప్రెసర్ ఆగినప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. ఒకట్రెండు నిమిషాలు బుసబుసమని, గుడగుడమని చప్పుడు వస్తుంది. అటువైపు ఎక్కువ ఒత్తిడి, ఇటువైపు తక్కువ ఒత్తిడి క్యాపిలరీ గుండా సర్దుకుంటున్నాయి. పాముందేమోనని ఒక ఇంట్లో ఫ్రిజ్ వెనక కర్రపెట్టి పొడిచారు. అలా పొడిస్తే గొట్టాలు దెబ్బతింటాయి. ఆ చప్పుడు ఆరోగ్యమైన ఫ్రిజ్ చప్పుడే.

ఆ సర్దుబాటుకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. ఒత్తిడి సర్దుకోకముందే కరెంటు వచ్చి కంప్రెసర్ తిరగబోతే, ఎదురుగా నొక్కుడు ఉండటంతో తిరగలేదు. ఊం అని మూలిగి, ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షణ పరికరం కటక్‌మని దాన్ని ఆపేస్తుంది. వర్షాకాలంలో కరెంటు నిమిషానికోసారి పోయి వస్తుంటే ఇదే జరుగుతుంది. కాబట్టి ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేసేముందు కనీసం ఐదు నిమిషాలు ఆగండి. కరెంటు మినుకుమినుకుమంటుంటే ప్లగ్గు ఆపేసి, నిలకడగా వచ్చాకే వేయండి. వోల్టేజి బాగా పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ తప్పనిసరి. టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ ఈ ఐదు నిమిషాల పని తనే చూసుకుంటుంది. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కొత్త ఇన్వర్టర్ కంప్రెసర్లు కొంత హెచ్చుతగ్గుల్ని తట్టుకుంటాయి. ఎంత వరకో ఆ ఫ్రిజ్ పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని మించి మీ ఇంటి వోల్టేజి ఊగిసలాడితే వాటికీ స్టెబిలైజర్ పెట్టాల్సిందే.

ఎక్కడ పెట్టాలి

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్నచోట నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. గది 44 డిగ్రీలుంటే, గ్యాస్ వేడిని గదిలోకి వదలాలంటే అది 55 దాకా వేడెక్కాల్సిందే. చుట్టూ గాలి ఆడకపోతే పక్కనున్న గాలే 50కి చేరుతుంది, అప్పుడు గ్యాస్ 60 దాటాలి. అంటే కంప్రెసర్ ఇంకా గట్టిగా నొక్కాలి, ఎక్కువసేపు తిరగాలి, ఎక్కువ బిల్లు రావాలి. అందుకని వెనకాల, పక్కల, పైన జానెడు జాగా వదలండి. పొయ్యి పక్కన వద్దు, పడమటి ఎండ పడే గోడకు వద్దు. ఫ్రిజ్ మీద కవర్లు అందంగా ఉంటాయని అమ్ముతారు. పైన చిన్న గుడ్డ పరిచినా ఫర్వాలేదు గానీ, పక్కలు కప్పేది మాత్రం వద్దు.

మా ఊళ్లో ఇంకో బెడద ఉంది. గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లకు దగ్గరగా ఉండే ఇళ్లలో తెల్లటి మెత్తటి దుమ్ము ప్రతి వస్తువు మీదా పడుతుంది. వెనక జాలీ ఉన్న పాత ఫ్రిజ్ అయితే ఆ దుమ్ము దానికి దుప్పటిలా పట్టేస్తుంది. అలాంటి ఇళ్లలో మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో జాలీని పైనుంచి కిందికి దులపమని చెబుతాను. మిగతావాళ్లకు ఏడాదికి రెండుసార్లు చాలు. ఆ పనికి మెకానిక్ అక్కర్లేదు.

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్త్. ఇంటికి సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఫ్రిజ్ ఒళ్లు ముట్టుకుంటే జిల్లుమంటే, అది చిన్న షాకే కదా అని వదిలేయకండి. తడిచేతులతో, తడినేల మీద అదే ప్రాణం మీదికి వస్తుంది.

లోపల ఎలా సర్దాలి

కింది అరల్లో 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో సున్నాకు కింద 18 ఉంటే మంచిది. మీ ఫ్రిజ్‌లో ఎంతుందో తెలుసుకోవాలంటే, గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచి పొద్దున్నే చూడండి. జ్వరం చూసేది కాదు, వంటింటిదో, ఫ్రిజ్‌దో కావాలి. గాలిలో పెడితే తలుపు తీసిన క్షణంలోనే అంకె మారిపోతుంది, అందుకే నీళ్లలో. చల్లదనం మార్చే మీట మీద ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగే కొద్దీ చల్లదనం ఎక్కువ అని మాత్రమే అర్థం. చాలామంది చుట్టాలొస్తున్నారని మీటను 7కు తిప్పుతారు. మామూలు కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది. 7లో పెడితే నీళ్లు తొందరగా చల్లబడవు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది అంతే.

సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ కింద ఉండే అర అన్నిటికంటే చల్లన. పాలు, మాంసం అక్కడ పెట్టాలి. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన, తీసిన ప్రతిసారీ వేడిగాలి ముందు వాటికే తగులుతుంది. అక్కడ పచ్చళ్లు, సాస్, నీళ్ల సీసాలు ఉంచండి. పాలప్యాకెట్లు తలుపులో పెట్టే అలవాటు మానేస్తే ఎండాకాలం పాలు విరగడం చాలా తగ్గుతుంది.

ఇడ్లీ పిండి, పులుసు, సాంబారు, ఏదైనా మూత పెట్టి ఉంచండి. వాసన కోసమే కాదు. మూతలేని గిన్నె నుంచి తేమ లేచి ఫ్రీజర్ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు కాయిల్‌కూ సరుకులకూ మధ్య దుప్పటి అవుతుంది. వేడన్నం, వేడికూర నేరుగా పెట్టకండి. అలాగని వేసవిలో పొద్దున వండిన కూర సాయంత్రం దాకా బయట ఉంచినా ప్రమాదమే. ఎండలు మండే రోజుల్లో గంట దాటకుండా లోపల పెట్టేయాలి. వెడల్పాటి గిన్నెలోకి వంచి, చన్నీళ్ల పళ్లెంలో నిలబెడితే అరగంటలో ఆవిరి పోయి గోరువెచ్చన అవుతుంది.

తలుపు రబ్బరును పరీక్షించడానికి పది రూపాయల నోటు చాలు. నోటును సగం లోపల, సగం బయట ఉంచి తలుపు వేయండి. లాగితే బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. ఇలా నాలుగు వైపులా చూడండి. చాలాసార్లు రబ్బరు మడతల్లో జిడ్డు, మెతుకులు చేరి ఉంటాయి. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే సరిపోతుంది. తుడిచినా బిగువు రాకపోతేనే రబ్బరు మార్చాలి.

మంచు, కత్తి

సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ గోడకే నేరుగా మంచు పట్టేస్తుంది. వేలు మందం మంచు పేరుకోగానే మీట మధ్యలో ఉన్న డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. లేదా రాత్రి ఆపేసి పొద్దున తుడవాలి. డబుల్ డోర్‌లో కాయిల్ లోపల దాగి ఉంటుంది. ఫ్యాను ఆ చల్లగాలిని రెండు గదులకూ పంపుతుంది. కొన్ని గంటలకోసారి చిన్న హీటర్ వెలిగి కాయిల్ మీది మంచును కరిగిస్తుంది. ఆ నీళ్లు గొట్టం గుండా వెనక కంప్రెసర్ మీద ఉన్న పళ్లెంలో పడి దాని వేడికే ఆవిరైపోతాయి. ఈ గొట్టంలో కొత్తిమీర రెమ్మో, మెతుకో అడ్డం పడితే నీళ్లు కూరగాయల డబ్బాలోకి కారతాయి. లోపలి వెనకగోడ కింద చిన్న రంధ్రం కనిపిస్తే, దానిలోకి గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. సగానికి పైగా ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది. డబుల్ డోర్‌లో గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా గిన్నెలు పెట్టకండి. పైన ఐసు గడ్డకట్టి కింద మాత్రం చల్లబడటం లేదంటే, ముందు చూడాల్సింది ఆ రంధ్రాలనే.

ఇప్పుడు కత్తి సంగతి. మంచులో ఇరుక్కున్న మాంసం ప్యాకెట్‌ను తీయడానికి కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడుస్తారు. సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఆ గోడ పలుచటి అల్యూమినియం, దాని లోపలే గ్యాస్ దారులు. ఒక్క పోటుకు తుస్సుమని గ్యాస్ పోతుంది. ఒక ఆదివారం పొద్దున అలా కన్నం పడిన ఫ్రీజర్‌ను చూపించి ఒక అన్న నన్ను అడిగాడు, "ఎంసీల్ పెడితే ఆగదా?" అని. ఆగదు. కాయిల్ మార్చాల్సి వచ్చింది, దాదాపు సగం ఫ్రిజ్ ఖర్చు. దయచేసి కత్తి పెట్టకండి. ఆపి, గిన్నెడు వేడినీళ్లు ఫ్రీజర్‌లో ఉంచి తలుపు మూస్తే అరగంటలో ప్యాకెట్ దానంతటదే ఊడివస్తుంది.

"గ్యాస్ అయిపోయింది" అంటే

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు. అది ఖర్చు కాదు. గొట్టాలన్నీ అతికి మూసేసి ఉంటాయి, కంప్రెసర్‌తో సహా. చిల్లు పడనంత వరకు ఇరవై ఏళ్లయినా ఒక్క గ్రాము తగ్గదు. కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లుంది. చిల్లు మూయకుండా గ్యాస్ పట్టించడం పంక్చరైన ట్యూబుకు గాలి కొట్టడమే.

నేను ఐటీఐ ముగించి 1999లో ఒక షాపులో పనికి చేరినప్పుడు మా ఓనరు "ముందు గ్యాస్ పట్టు, పని అయిపోతుంది" అనేవాడు. ఒక టిఫిన్ సెంటర్ నడిపే అక్క ఫ్రిజ్‌కు ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ పట్టాను. మూడుసార్లూ ఆమె డబ్బిచ్చింది. నాలుగోసారి నాకే మనసొప్పక, కూర్చుని ప్రతి అతుకు మీదా సబ్బునురుగు రాసి చూశాను. కంప్రెసర్ నుంచి వెళ్లే గొట్టం అతుకు దగ్గర చిన్నచిన్న బుడగలు లేచాయి. అతుకు వేయడానికి పావుగంట పట్టింది. మొదటిసారే చూసి ఉంటే ఆమెకు రెండుసార్ల డబ్బు మిగిలేది. ఆ అక్క ఏమీ అనలేదు, కాఫీ కూడా ఇచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆ రోజుల్లో పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. మంటకు అంటుకోదు, విషం కాదు, అందుకే 1930ల నుంచి ప్రపంచమంతా వాడారు. అది గాలిలోకి పోతే పైన ఓజోన్ పొర దెబ్బతింటుందని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో అలాంటి గ్యాస్‌లను మానేయడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, మన దేశం 1992లో అందులో చేరింది. తర్వాత ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు (కార్బన్ డయాక్సైడ్‌కు) వెయ్యి రెట్లకు పైమాటే. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. దీనికి ఆ రెండు దోషాలూ దాదాపు లేవు. ఒకటే జాగ్రత్త, అది మండుతుంది. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో, ఎన్ని గ్రాములో వెనక అంటించిన కాగితం మీదా, కంప్రెసర్ మీదా రాసి ఉంటుంది. మండే గ్యాస్ అయితే పసుపు త్రికోణంలో మంట బొమ్మ కూడా ఉంటుంది.

భయపడకండి. ఇంట్లో సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ పెట్టుకుని వండుకుంటున్నాం. ఫ్రిజ్‌లో ఉండేది మామూలుగా 40 నుంచి 60 గ్రాములు, అదీ మూసిన గొట్టాల్లో. ప్రమాదం ఎక్కువగా రిపేరు సమయంలోనే ఉంటుంది. మిగిలిన గ్యాస్‌ను బయటికి వదలకుండా గొట్టాలు అతికే బ్రేజింగ్ మంట పెడితే అంటుకుంటుంది. రిపేరు జరుగుతున్నప్పుడు కిటికీలు తీసి ఉంచండి, పొయ్యి ఆపండి, దేవుడి దగ్గర దీపం ఉంటే అదీ కొండెక్కించండి.

మెకానిక్ గ్యాస్ పట్టాలంటే మీరు నాలుగు మాటలు అడగండి. చిల్లు ఎక్కడుందో చూపించమనండి. ఫిల్టర్ డ్రయ్యర్ కొత్తది వేస్తున్నాడా అని అడగండి, గొట్టం ఒకసారి తెరిచాక పాతది పనికిరాదు. వాక్యూమ్ పంపు తెచ్చాడా చూడండి. ఆర్-600ఎ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ వైపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉంటుందని పైన చెప్పాను కదా. అక్కడ చిల్లు పడితే గ్యాస్ బయటికి రావడమే కాదు, తేమతో కూడిన గాలి లోపలికి పోతుంది. ఆ తేమ క్యాపిలరీ కొసన చుక్కగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. అప్పుడు ఫ్రిజ్ కాసేపు చల్లబడి, కాసేపు ఆగి, ఆపి వేస్తే మళ్లీ చల్లబడుతుంది. వాక్యూమ్ పంపును అరగంటైనా నడిపి ఆ గాలినీ తేమనీ లాగేయాలి. చివరిగా, గ్యాస్‌ను తూకం వేసి పట్టాలి. 50 గ్రాముల దగ్గర ఐదు గ్రాములు ఎక్కువైనా తక్కువైనా తేడా తెలుస్తుంది, చేతి అంచనాతో అయ్యే పని కాదు. ఈ నాలుగూ చేసే మెకానిక్ కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వండి. అతని టైమూ, పనిముట్లూ ఆ డబ్బులో ఉన్నాయి.

ఫోన్ చేసేముందు

లోపల లైటు కూడా వెలగకపోతే ప్లగ్గు, సాకెట్టు, ఇంటి మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్ చూసుకోండి. అదే సాకెట్టులో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

లైటు వెలుగుతోంది, రెండు మూడు నిమిషాలకోసారి కటక్‌మని చప్పుడు వస్తోంది, కంప్రెసర్ తిరగడం లేదు. ఇది వోల్టేజి తక్కువై ఉండాలి, లేదా కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే పోయి ఉండాలి. వెంటనే ఆపేయండి, అలా కొట్టుకుంటూ వదిలేస్తే కంప్రెసర్ కాలిపోవచ్చు. రిలే చిన్న వస్తువు, చవక. కంప్రెసర్ మార్చాలని ఎవరైనా చూడగానే చెప్పేస్తే, రిలే, ఓవర్‌లోడ్ మార్చి చూశారా అని ఒక మాట అడగండి.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, లోపల చల్లదనం లేదు, పక్కగోడల మీద చెయ్యి పెడితే వెచ్చదనమూ లేదు. అప్పుడు గ్యాస్ పోయిందని అనుమానించవచ్చు. సింగిల్ డోర్ అయితే ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి, మిగతాది తడిగా ఉండటం ఇంకో గుర్తు. పక్కలు బాగా కాలుతూ లోపల మాత్రం అంతంతగా చల్లబడుతుంటే గ్యాస్ దాకా వెళ్లక్కర్లేదు. గాలి ఆడటం లేదో, తలుపు రబ్బరు పోయిందో, మంచు పేరుకుందో చూడండి.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకండి. తీయకుండా ఉంటే నాలుగు గంటల వరకు కింది అరల్లోని సరుకు నిలుస్తుంది. ఇల్లు మారేటప్పుడు నిలబెట్టే తీసుకెళ్లండి. పడుకోబెట్టక తప్పకపోతే, కొత్తింట్లో నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ప్లగ్గు పెట్టండి. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది తిరిగి కిందికి దిగాలి.

చివరికి ఫ్రిజ్‌ను పాత సామానుకు వేసే రోజు వస్తే, గొట్టం కోసి గ్యాస్ గాలిలోకి వదిలే మనిషికి ఇవ్వకండి. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రానికి గానీ, కొత్త ఫ్రిజ్ కొనేచోట ఎక్స్చేంజికి గానీ ఇవ్వండి. తీసుకెళ్లేదాకా వరండాలోనో, డాబా మీదో ఉంచాల్సి వస్తే ముందు తలుపు ఊడదీయండి. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరితే, లోపల గాలి ఉండదు, అరిచినా బయటికి వినపడదు. పెద్దమ్మ వాళ్ల పాత ఫ్రిజ్ రెండేళ్లు డాబా మీద పడి ఉండేది. ఆ రోజు కిందికి దిగేముందు దాని తలుపు కూడా తీసేసి వచ్చాను.